నీళ్ళు తాగని ఎలుక పద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

కంగారూలా గెంతే ఎడారి ఎలుక, అదే కంగారూ ఎలుక, మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం సాఫీగా నడిచింది కానీ, మొదటి పేజీలోనే "ఈ ఎలుకకు నీటి అవసరమే లేదు" అన్నావు. తొలి రోజుల్లో నేనూ అదే మాట రాశాను, "మరి దాని ఒంట్లో నెత్తురు దేనితో పారుతోందండీ?" అని ఒక పాఠకుడు కార్డు ముక్క రాస్తే తల దించుకున్నాను. అది నీళ్ళు తాగదు, అంతే. దాని ఒంటి బరువులోనూ దాదాపు మూడింట రెండు వంతులు నీరే.

కనుక ముందు జమాఖర్చు రాసుకో. 1940వ దశకం చివర అమెరికాలోని అరిజోనా ఎడారిలో పని మొదలుపెట్టిన జంతుశాస్త్రవేత్తలు ష్మిట్-నీల్సన్ దంపతులు వేసిన లెక్క ఇది: ఆ ఎలుక 100 గ్రాముల బార్లీ తింటే, ఆ తిండి ఒంట్లో ప్రాణవాయువుతో కలిసి ఖర్చయ్యేటప్పుడు 54 గ్రాముల నీరు పుడుతుంది, గింజలోని తేమ మరో 6 గ్రాములు. ఖర్చు వైపు మూత్రం 13.5, పెంటికలు 2.6, ఆవిరిగా పోయేది 43.9. నువ్వు వ్యాసమంతా మూత్రపిండానికే హారతి పట్టావు. పెద్ద ఖర్చేమో ఊపిరి దగ్గర ఉంది. లోపలి నుంచి వచ్చే వెచ్చని గాలి చల్లని ముక్కుదారుల్లో, అన్నం గిన్నె మూతకు నీరు పట్టినట్టు, కొంత తేమను వదిలి వెళ్తుంది కనుకనే ఆ ఖర్చు అంతటితో ఆగింది.

మూత్రపిండాన్ని తక్కువ చేయమనడం లేదు. మన మూత్రం నెత్తురుకంటే నాలుగైదు రెట్లు చిక్కబడితే, దానిది పదిహేను రెట్లు దాటుతుంది. మూత్రపిండంలో జడపిన్నులా వంగిన సన్నని గొట్టమే హెన్లే లూపు; దాని రెండు పాయల్లో ఎదురెదురుగా పారే ద్రవం వల్ల మూత్రపిండం లోపలి పొరలో ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు మధ్యగా సాగే మూత్రపు గొట్టంలోని నీరు, నీటిని ఒంట్లో నిలిపే హార్మోను వాసోప్రెసిన్ దారి తెరిచినప్పుడు, ఉప్పు పట్టించిన మామిడి ముక్క నుంచి ఊట దిగినట్టు బయటికి వచ్చి నెత్తురులో చేరుతుంది. అయితే "లూపు పొడవు కాబట్టి" అని ఊరుకోకు. గుర్రం లూపు ఇంకా పొడవు, దాని మూత్రం అంత చిక్కన కాదు. పొడవును మూత్రపిండం పరిమాణంతో పోల్చి చెప్పాలి.

అసలు ఘట్టం నువ్వు వదిలేశావు. ఆ దంపతులు ఎలుకలకు సోయా గింజలు పెట్టారు. సోయాలో మాంసకృత్తులు ఎక్కువ; అవి పెరిగితే మూత్రంలో పోవలసిన యూరియా అనే వ్యర్థం పెరుగుతుంది, దాన్ని బయటికి పంపడానికి నీరు చాలక పద్దు తప్పుతుంది. అప్పుడు సముద్రపు నీళ్ళు పెడితే, మనిషిని మరింత ఎండగట్టే ఆ ఉప్పునీళ్ళు తాగి, ఆ ఉప్పును చిక్కని మూత్రంలో బయటికి పంపేసి అవి నిలదొక్కుకున్నాయి. ఈసారి వ్యాసాన్ని ఆ నీళ్ళ గిన్నె దగ్గర మొదలుపెట్టి పంపు.