నిద్రలో మూత్రం కారే ఆడ కుక్క: మందు కంటే ముందు చూడవలసినవి

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మీ ఐదేళ్ళ ఆడ కుక్క పడుకుని లేచిన చోటల్లా తడి కనిపిస్తోందని, మెలకువగా ఉన్నప్పుడు మాత్రం ఎప్పటిలాగే బయటికి వెళ్ళి మూత్రం పోస్తోందని రాశారు. ఇది మొండితనమా, వయసు తెచ్చిన మార్పా, రాత్రిపూట నీళ్ళ గిన్నె తీసేస్తే తగ్గుతుందా అని అడిగారు. మా బాక్సర్ జాతి ఆడ కుక్కకు కూడా ఇదే తీరులో మొదలై, ఇప్పుడు చాలాకాలంగా మందుతో అదుపులో ఉంది కనుక, పశువైద్యుల దగ్గర తెలుసుకున్నదీ ఇంట్లో గమనించినదీ కలిపి చెబుతున్నాను.

మొండితనం కానే కాదు. కావాలని మూత్రం పోసే కుక్క నడుము వంచి కూర్చుంటుంది, తాను ఏం చేస్తోందో దానికి తెలుసు. నిద్రలో కారుతున్న కుక్కకు ఆ సంగతే తెలియదు. మా కుక్క లేచి, తాను పడుకున్న తడి చోటును వాసన చూసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కానట్టు నిలబడేది. అటువంటి కుక్కను గద్దించడం వల్ల దానికి భయం పెరుగుతుందే తప్ప తడి తగ్గదు. యజమాని దగ్గరకు రాగానే ఒదిగిపోయి, తోక ముడుచుకుని కాస్త మూత్రం విడిచే కుక్కలు కూడా ఉంటాయి కానీ అది భయానికో ఉద్వేగానికో సంబంధించిన వేరే విషయం.

మీరు చెప్పిన లక్షణాలకు ఎక్కువగా కారణమయ్యేది ప్రసేకం, అంటే మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టం, బిగువు కోల్పోవడం. ఆపరేషన్‌లో అండాశయాలను తొలగించాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా పడిపోతుంది, దాని వల్ల ఆ గొట్టాన్ని మూసి ఉంచే కండరాలు నరాల సంకేతాలకు మునుపటంత గట్టిగా స్పందించవు. మెలకువలో ఆ లోటు బయటపడకపోయినా, ఒళ్ళు పూర్తిగా సడలి, పొట్ట బరువు మూత్రాశయం మీద పడే నిద్ర వేళలో మూత్రం జారిపోతుంది. ఇది ఆపరేషన్ అయిన వెంటనే రావాలని లేదు, కొన్ని నెలలకు రావచ్చు, కొన్నేళ్ళకూ రావచ్చు. ఆ రెండింటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టకపోవడానికి ఈ ఎడమే కారణం. 20 కిలోలకు మించిన పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ, డాబర్‌మన్, రాట్‌వైలర్, బాక్సర్ వంటివాటిలో మరీ ఎక్కువ. అంతమాత్రాన ఆపరేషన్ చేయించడమే పొరపాటని నేను అనను. గర్భాశయంలో చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బును అది దాదాపు పూర్తిగా నివారిస్తుంది, మూత్రం కారడాన్ని మందుతో అదుపు చేయవచ్చు.

అయితే లక్షణాలు సరిపోయినంత మాత్రాన ఇదేనని మీరే తేల్చుకుని, ఇంకొకరి కుక్కకు రాసిన మాత్రలు తెచ్చి వేయవద్దు. తడి కనబడటానికి ఇతర కారణాలు ఉన్నాయి, వాటికి చికిత్స వేరు. అన్నిటికంటే ముందు అది ఎన్ని నీళ్ళు తాగుతోందో కొలవండి. పొద్దున్న కొలిచి పోసి, మధ్యలో పోసినది కలుపుకుని, మర్నాడు అదే సమయానికి మిగిలినది తీసేస్తే లెక్క తేలుతుంది. 24 గంటల్లో కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి తాగుతుంటే, చక్కెర జబ్బో, మూత్రపిండాల జబ్బో, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడమో వెతకవలసి వస్తుంది. దురద కోసమో మరొకదాని కోసమో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా దాహం అలాగే పెరుగుతుంది. మూత్రం ఎక్కువగా తయారవుతుంటే, కండరం బాగానే ఉన్న కుక్క కూడా రాత్రంతా ఆపుకోలేదు.

మాటిమాటికీ కూర్చుని కొద్దికొద్దిగా పోయడం, పోసేటప్పుడు ముక్కడం, రక్తపు జీర కనబడటం ఉంటే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్‌నో రాళ్ళనో అనుమానించాలి. పిల్లగా ఉన్నప్పటి నుంచే ఆగకుండా చుక్కలు పడుతుంటే, మూత్రపిండం నుంచి వచ్చే నాళం పుట్టుకతోనే మూత్రాశయంలోకి కాక మరోచోటికి తెరుచుకుని ఉండవచ్చు. దానికి మందు కంటే శస్త్రచికిత్సే దారి. వెనక కాళ్ళు తడబడటం, తోక వాలిపోవడం వంటివి తోడైతే అది వెన్నుపాముకు సంబంధించిన విషయం కావచ్చు, ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించాలి.

వైద్యుని దగ్గరకు వెళ్ళే ముందు, తడి ఎప్పుడు, ఎక్కడ, ఎంత కనిపించిందో రాసిపెట్టుకోండి. వీలైతే నిద్రలో కారుతున్నప్పుడు ఫోనులో వీడియో తీయండి. మా కుక్క విషయంలో వైద్యురాలికి నా వర్ణన కంటే ఆ వీడియోయే ఎక్కువ ఉపయోగపడింది. పొద్దున్న మొదటిసారి పోసే మూత్రాన్ని శుభ్రమైన లోతు తక్కువ గిన్నెలో పట్టి తీసుకువెళితే, అది ఎంత చిక్కగా ఉందో, అందులో చక్కెర ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ నిర్ధారించే కల్చర్ పరీక్షకు మాత్రం వైద్యులు సూదితో మూత్రాశయం నుంచే నేరుగా తీయడం మేలు. చూడటానికి భయంగా ఉంటుంది కానీ మా కుక్క పెద్దగా పట్టించుకోలేదు. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ అవసరమో కాదో ఆపై వారు చెబుతారు.

కండరం బిగువు తగ్గడమే కారణమని తేలితే సాధారణంగా రెండు రకాల మందులు ఉన్నాయి. ఫినైల్‌ప్రొపనోలమైన్ ఆ కండరాన్ని బిగిస్తుంది, రోజుకు రెండు మూడు సార్లు వేయాలి. ఇది రక్తపోటును పెంచగలదు, కొన్ని కుక్కల్లో అశాంతినీ ఆకలి మందగించడాన్నీ తెస్తుంది. కనుక గుండె జబ్బు, రక్తపోటు ఉన్న కుక్కలకు ఆచితూచి వాడతారు. రెండోది ఎస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర. దీన్ని రోజుకొకసారి మొదలుపెట్టి, తడి ఆగాక, పనిచేసే అతి తక్కువ మోతాదు దాకా తగ్గిస్తూ పోతారు. మొదట్లో రొమ్ములు, జననాంగం కాస్త ఉబ్బడం, మగ కుక్కలు ఆసక్తి చూపడం కొన్నిటిలో ఉంటుంది, మోతాదు తగ్గిస్తే అదీ తగ్గుతుంది. ఆపరేషన్ కాని కుక్కకు ఇది తగదు. ఒక్క మందు చాలనప్పుడు రెండూ కలిపి ఇవ్వడం, అదీ చాలనప్పుడు ప్రసేకం గోడలోకి కొలాజన్ వంటి పదార్థాన్ని ఎక్కించడం, లేదా శస్త్రచికిత్స అనే మార్గాలు మిగులుతాయి, కానీ చాలా కుక్కలకు అంతదాకా రాదు.

మా కుక్కకు మొదటిది మొదలుపెట్టాక కొద్దిరోజుల్లోనే తడి ఆగింది కానీ రాత్రులు నిద్రపోకుండా తిరగడం మొదలైంది. అందుకని వైద్యురాలు ఎస్ట్రియాల్‌కు మార్చారు. అది కాస్త నెమ్మదిగా పనిచేసినా కుదురుకుంది.

నీళ్ళ విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది: తగ్గించవద్దు. కారణం మూత్రపిండాల జబ్బో చక్కెరో అయితే నీళ్ళు దొరకని కుక్క ఒక్క రాత్రిలోనే ప్రమాదంలో పడవచ్చు. దానికి బదులు పడుకోబోయే ముందు ఆఖరిగా ఒకసారి బయటికి తీసుకువెళ్ళండి. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించండి, పొట్టలోని కొవ్వు కారడాన్ని పెంచుతుంది. పక్క మీద నీరు పీల్చే పరుపు గుడ్డ వేసి, తడవగానే మార్చండి. తొడల లోపలి వైపును గోరువెచ్చటి నీళ్ళతో కడిగి పొడిగా తుడవకపోతే మూత్రం ఒరిసి చర్మం పుండు పడుతుంది. కుక్కల డైపర్లు బయటికి వెళ్ళినప్పుడు కొన్ని గంటలకు పనికొస్తాయి కానీ రోజంతా ఉంచితే ఆ పుండ్లకు, ఇన్ఫెక్షన్‌కు అవే కారణమవుతాయి.

మందు కుదిరాక మళ్ళీ హఠాత్తుగా తడి కనబడితే మోతాదు మీరే పెంచకుండా ముందు మూత్రపరీక్ష చేయించండి. మా కుక్కకు అలా జరిగినప్పుడు ఇన్ఫెక్షన్ బయటపడింది. అది తగ్గాక పాత మోతాదే మళ్ళీ సరిపోయింది.