5000 మీటర్లలో మూడో కిలోమీటరు దాటాక కాళ్లు బరువెక్కుతుంటే

అన్నా, 52 ఏళ్ల వయసులో 5000 మీటర్లు 25 నిమిషాల్లో ముగించాలని అనంతపురంలో ప్రాక్టీస్ చేస్తున్నానని, మూడో కిలోమీటరు తర్వాత కాళ్లు ఆడట్లేదని రాశారు. మొదటి రౌండు 1:40లో కొట్టానన్నారు కదా, చిక్కంతా అక్కడే. 25 నిమిషాలంటే 400 మీటర్ల ట్రాక్‌పై రౌండుకు సరిగ్గా 2 నిమిషాలు. మొత్తం పన్నెండున్నర రౌండ్లు కాబట్టి ఫినిష్ లైన్‌ను మొదటిసారి దాటేది 200 మీటర్లకే. అప్పుడు వాచీలో 1:00 కనిపించాలి. 50 సెకన్లే ఉంటే వెంటనే తగ్గండి, పక్కవాళ్లు ముందుకెళ్లిపోయినా సరే.

వారానికి ఒక్కసారి 1000 మీటర్లు 5 నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు పరుగెత్తండి, మధ్యలో కాసేపు నడక. తర్వాత రెండు రోజులు మెల్లగానే. మన వయసులో కండరాలు తేరుకోవడానికి టైం పడుతుంది. చాలామంది దీన్ని లెక్కచేయరు, నాకు బాధ అదే. మాస్టర్స్‌లో, అంటే పెద్ద వయసువాళ్ల పోటీల్లో, ఐదేళ్లకో గ్రూపు, మీది 50-54. చిన్నవాళ్లను చూసి టెన్షన్ పడొద్దు.