జిమ్నాస్టిక్స్ లెవెల్ 3లో 40కి 36 దాటుతున్నా కోచ్ పాపని లెవెల్ 4కి పంపనంటోంది. జిమ్ మార్చాలా?

మార్చకండి. తొమ్మిదేళ్ల పాపకి మీట్లలో, అంటే పోటీల్లో, 36 పైనే వస్తోందని, కోచ్ మాత్రం ఇంకో సీజన్ లెవెల్ 3లోనే ఉండాలంటోందని, తోటి పిల్ల ముందుకెళ్లిపోయిందని రాశారు. మూడేళ్ల క్రితం మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. మీరు చేద్దామనుకుంటున్నదే నేను చేశాను.

మేముండేది డల్లాస్ దగ్గర. 2004 ఒలింపిక్స్‌లో ఆల్‌రౌండ్ (అన్ని ఈవెంట్లూ కలిపి) స్వర్ణం గెలిచిన కార్లీ ప్యాటర్సన్, 2008లో గెలిచిన నాస్టియా ల్యూకిన్ ఇద్దరూ ఇక్కడి ప్లేనోలో శిక్షణ పొందినవాళ్లే. అందుకని ఈ చుట్టుపక్కల ప్రతి తల్లికీ తన పిల్ల మీద అదో ఆశ. మాది పెద్ద జిమ్ కాదు, గోడౌన్‌లాంటి షెడ్డులో నడిచేది. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ నాలుగు ఈవెంట్లూ కలిపి 40కి మా పాపకి లెవెల్ 3లో 36.8 వచ్చింది. వెంటనే కోచ్ దగ్గరికెళ్లి, ఏడేళ్లు నిండితే లెవెల్ 4 ఆడొచ్చని రూల్ ఉందిగా, ఇంకెందుకు ఆపుతున్నారని గట్టిగా అడిగాను. ఆవిడ కాదంది. మూడు నెలల్లో వేరే జిమ్‌కి మార్చేశాం. వాళ్లు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లెవెల్ 4లో చేర్చుకున్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది.

లెవెల్ 3 బార్స్‌లో (కడ్డీ పట్టుకుని చేసే ఈవెంట్) కిప్ తప్పనిసరి కాదు. లెవెల్ 4లో రొటీన్ మొదలే కిప్. కిప్ అంటే బార్ పట్టుకుని ముందుకి ఊగి, కాలివేళ్లు బార్ దగ్గరికి తెచ్చి, అదే ఊపులో పైకి లేచి, తొడలు బార్‌కి ఆనించి నిటారు చేతుల మీద నిలవాలి. బలం ఒక్కటే చాలదు, క్షణం తేడా వచ్చినా లేవలేరు. మా పాపకి ప్రాక్టీసులో పదిసార్లకి మూడుసార్లు వచ్చేది. ఆ మూడూ వీడియో తీసి హైదరాబాద్‌లో అమ్మావాళ్లకి పంపి మురిసిపోయాను. మిగతా ఏడు నాకు కనిపించలేదు.

అక్టోబరులో మొదటి మీట్. పొద్దున్న ఐదింటికి లేచి జడ వేసి, స్ప్రే కొట్టి, రాళ్లు పొదిగిన లియోటార్డ్ తొడిగాను. (ఎదిగే పిల్లకి ఏడాది కూడా పట్టని ఆ గుడ్డముక్కకి అంత డబ్బెందుకో ఎవరూ అడగరు.) జడ్జికి సెల్యూట్ చేసి బార్ పట్టుకుంది. లేవలేదు. మళ్లీ ఊగింది, లేవలేదు. మూడోసారి కొత్త జిమ్ కోచ్ నడుం కింద చెయ్యేసి పైకి లేపాడు. చెయ్యి పడితే ఆ కిప్‌కి విలువే ఉండదు. బార్స్ స్కోరు పదికి 5.9. అది ఏడవలేదు. తిరిగొచ్చి బ్యాగులోంచి జాకెట్ తీసి వేసుకుని, మెడదాకా జిప్ లాక్కుంది. కార్లో సగం దూరం వచ్చాక, "అమ్మా, నాకు రాదని నీకు తెలుసా?" అని అడిగింది. తెలుసు. సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ఏడాది రెండంగుళాలు పొడుగైంది. ఎదిగే వయసులో ఒళ్లు మారితే, వచ్చిన విద్య కూడా కొన్నాళ్లు చేతికి అందదు. మడమల నొప్పి మొదలైంది. ఇవేవీ స్కోరు కాగితంలో ఉండవు. అందుకే స్కోరుకీ సంసిద్ధతకీ సంబంధం లేదని నేనంటాను. 36 అంటే తెలిసిన పని శుభ్రంగా చేస్తోందని, అంతే.

అసలు మన తెలుగువాళ్లకి లెవెల్ అనే మాట వింటే చాలు, ఆగలేం. అబాకస్‌లో లెవెల్, కుమాన్‌లో లెవెల్, కూచిపూడిలో ఏ ఐటెం వరకు వచ్చిందని ఆరా. ఇండియా నుంచి ఫోన్ చేస్తే మా మామగారి మొదటి ప్రశ్న "ఇప్పుడు ఎన్నో లెవెలమ్మా?" అని. పిల్ల ఇష్టంగా వెళ్తోందా అని ఒక్కరూ అడగరు. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచేనాటికి ఆమెకి 22 ఏళ్లు. తొమ్మిదేళ్లకి తొందరేముంది?

మేం సిగ్గు విడిచి పాత కోచ్ దగ్గరికే వెళ్లాం. ఆవిడ ఒక్కమాట కూడా అనలేదు. రెండో ఏడాదీ లెవెల్ 4లోనే ఆడించింది. పదికి తొమ్మిదిసార్లు కిప్ వచ్చాకే లెవెల్ 5 మాట ఎత్తింది.

మీరూ ఈ వారం ఒకరోజు ప్రాక్టీసు ఆఖరి ఇరవై నిమిషాలు కూర్చుని చూడండి, పిల్ల అలిసిపోయి ఉన్నప్పుడు. ఎవరూ చెయ్యి వేయకుండా కిప్ పదికి ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, ఆ అంకె నాకు చెప్పండి.