హాలంతా మావయ్యదే అయిపోయింది

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. అత్తయ్య పోయాక మావయ్యను ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి తీసుకొచ్చాం. పొద్దస్తమానం హాల్లో మంచం మీదే ఉంటారు. టీవీ మోత భరించలేం. బాబుకు మార్చిలో పదో తరగతి పరీక్షలు. నేను స్నానం చేసి రావాలన్నా ఆయన ముందు నుంచే రావాలి. మావారేమో ‘సర్దుకో’ అంటారు.

జవాబు: అమ్మా, ‘సర్దుకో’ అని నేను కూడా అనను. సొంతింట్లో తడి జుట్టుతో నాలుగడుగులు వేయడానికి ఇబ్బంది పడటం చిన్న బాధేమీ కాదు.

ముందు టీవీ సంగతి. వయసు మీదపడితే చెవికి మొదట తగ్గేది సన్నటి శబ్దాలు. స, త, క లాంటివి సరిగా పట్టుబడవు. గొంతు వినపడుతుంది, మాట తెలియదు. అందుకే సౌండ్ పెంచుతారు. మీరు రెండోసారి పిలిస్తే గానీ పలకడం లేదా? వార్తల్లో ఏమన్నారని మనవణ్ణి అడుగుతున్నారా? అయితే అది మొండితనం కాదు. చెవి డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. ఒక్కోసారి గులిమి తీసినా తేడా తెలుస్తుంది. ఈలోగా టీవీకి హెడ్‌ఫోన్స్ పెట్టి చూడండి.

ఆయన్ని గదిలోకి మార్చేద్దామని మాత్రం అనుకోవద్దు. పల్లెలో ఆయనకు అరుగు ఉండేది. దారిన పోయే ప్రతివాడూ ‘ఏం పెద్దాయనా, అన్నం తిన్నావా’ అని పలకరించి పోయేవాడు. భార్య పోయింది, అరుగూ పోయింది. ఇప్పుడు మనుషులు కనబడేది ఆ హాల్లోనే. నా దగ్గరికి వచ్చేవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు ఇలా హాలు పట్టుకుని కూర్చోవడం చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సాయంత్రం బాబు ఆయన్ని కిందికి తీసుకెళ్లి, వాచ్‌మన్ గది దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే ఆయనకు నలుగురూ అలవాటవుతారు. ఆ గంటా ఇల్లు మీది.

రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీ వద్దని మీరు చెప్పకండి. కోడలు గదమాయించిందని బాధపడతారు. ‘తాతయ్యా, చదువుకోవాలి’ అని బాబే అడగాలి. చెవి పరీక్ష మాట మీవారే ఎత్తాలి, వెంట తీసుకెళ్లాల్సిందీ ఆయనే. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి.

బాత్రూమ్ దారికి అడ్డంగా ఒక రాడ్డు, మందపాటి కర్టెన్ చాలు. దానికి ఎవరినీ అడగక్కర్లేదు, రేపే కట్టించుకోండి.