లినక్స్‌కి మారతానంటున్న సందీప్‌కు

చిక్కడపల్లి, హైదరాబాద్

నాన్నా సందీప్,

విండోస్ తీసేసి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలంటే ఏం చెయ్యాలని అడుగుతూ నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రే చూశాను. నువ్వు అడిగినవన్నీ ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్యి.

ముందు డబ్బు సంగతి. కంప్యూటర్ల బజారు సీటీసీలో షాపతను కొత్త లాప్‌టాప్ కొనమన్నాడని మీ అమ్మ కంగారు పడుతోంది. కొనక్కర్లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిన మాట నిజమే. ఇళ్ళలో వాడేవాళ్ళకి అదనంగా ఇచ్చిన గడువు కూడా 2026 అక్టోబర్ వరకే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. నీది ఆరో తరం ఐ5. మెషీన్‌కేమీ రోగం రాలేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, పోయినేడు ఎస్‌ఎస్‌డీ కూడా వేయించావు. లినక్స్ మీద అది ఇంకా ఏళ్ళ తరబడి హాయిగా నడుస్తుంది. ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించు.

అలాగని ఈ రాత్రికి రాత్రే విండోస్ తుడిచెయ్యకు. నా వరస వేరు. సిస్టమ్ ఆఖర్న మార్చు. ముందు నీ ఫైళ్ళని, నువ్వు రోజూ వాడే ప్రోగ్రాములని మార్చు.

ఎందుకో చెప్తాను. నేను డీటీపీ చేసిన రోజుల్లో కంపోజింగ్ అంతా పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లోనే. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి అక్షరానికీ అన్ని మెషీన్లలో ఒకే కోడ్ ఉండేది కాదు. ఇంగ్లిష్ అక్షరాలుండే చోట్లలో తెలుగు ముక్కల్ని కూర్చి పెట్టేవాళ్ళు. తలకట్టు ఒక కోడ్, గుడి ఇంకో కోడ్, ఒత్తు మరో కోడ్, అది కూడా ఒక్కో ఫాంటుకి ఒక్కో లెక్క. ఆ ఫాంటు లేని మెషీన్లో ఫైలు తెరిస్తే పేజీ నిండా పిచ్చిరాతలే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు పాత సీడీ పట్టుకుని వస్తారు, మా నాన్నగారి కవితలు మళ్ళీ అచ్చు వేయించాలమ్మా అని. సీడీ చదువుతుంది, ఫైలు కాపీ అవుతుంది, అక్షరాలు మాత్రం రావు. కన్వర్టర్‌లో వేస్తే అక్కడక్కడ ఒత్తులు తారుమారవుతాయి, ‘క్ష’లు విరిగిపోతాయి. పక్కన అచ్చుప్రతి పెట్టుకుని పంక్తి పంక్తీ దిద్దాలి. అచ్చుప్రతి కూడా లేదంటే ఆ మనిషి ముఖం చూడలేం.

నాకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఇదే కారణం. డబ్బు మిగలడం నాకు రెండో సంగతి. నువ్వు రాసుకున్నది ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఏ కంపెనీనీ బతిమాలకుండా తెరుచుకోవాలి. ఫైలు ఎలా కట్టారో బయటికి తెలిసి ఉంటే, ప్రోగ్రామ్ సోర్స్, అంటే దాన్ని రాసిన కోడ్, అందరి చేతిలో ఉంటే, ఒకరు వదిలేసినా ఇంకొకరు అందుకుంటారు. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఓపెన్ ఆఫీస్ భవిష్యత్తు మీద అనుమానం రాగానే 2010లో దాని సోర్స్ తీసుకునే లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు, పాత ఫైళ్ళన్నీ అందులో తెరుచుకున్నాయి. అసలు 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ పని ప్రకటించడానికి ముందు జరిగింది కూడా ఇలాంటిదే. వాళ్ళ లాబ్‌కి వచ్చిన కొత్త ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా మార్చుకుందామనుకున్నాడు. దాని సోర్స్ దగ్గరున్నవాళ్ళు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పక్కనే జిరాక్స్ మిషన్ పెట్టుకుని బతికినదాన్ని, ఆ కోపం నాకు బాగా అర్థమవుతుంది.

కాబట్టి మొదటి పని: ఇప్పుడున్న విండోస్‌లోనే లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, ఫోటోలు దిద్దడానికి గింప్ వేసుకో. ఇవన్నీ రెండు సిస్టమ్‌ల మీదా ఒకేలా నడుస్తాయి. ఒక నెల వీటితోనే పనులు నడుపు. రెజ్యూమె లిబ్రే ఆఫీస్ సొంత ఫైలు రకమైన ఓడీటీలో ఉంచుకుని, పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపు. కంపెనీ వాళ్ళు వర్డ్ ఫైలే కావాలంటే అలా కూడా సేవ్ అవుతుంది, కానీ టేబుళ్ళు, టెక్స్ట్ బాక్సులు ఎక్కువుంటే అటూ ఇటూ జరుగుతాయి. పంపే ముందు ఒకసారి వేరే మెషీన్లో తెరిచి చూసుకో. ఈ నెలలో ఏ పని ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకుంటూ పో. మారాలా వద్దా, ఎంతవరకు మారాలి అన్నది ఆ కాగితమే తేలుస్తుంది.

కొన్ని ఆగుతాయి, ముందే చెప్తున్నా. టాలీ, ఆటోక్యాడ్, ఫోటోషాప్ లినక్స్‌కి రావు. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్ మీద నడిపే వైన్ పెట్టి నడిపించొచ్చని ఎవరైనా చెప్తారు, కానీ రోజువారీ పనికి దాన్ని నమ్ముకోవద్దు. నీకు ముఖ్యమైనది ఇంకొకటుంది. క్యాంపస్ సెలక్షన్ల ఆన్‌లైన్ పరీక్షల్లో తెర మొత్తం బిగించేసే బ్రౌజర్లు కొన్ని విండోస్, మ్యాక్ మీదే నడుస్తాయి. ఉద్యోగం వచ్చేదాకా విండోస్‌ని ఒక మూల ఉంచుకోవాల్సిందే. అందులో పరీక్షలు తప్ప ఏమీ చేయకు, అప్‌డేట్లు ఆగిన సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డులు కొట్టకు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి కదా, ఏ లినక్స్ అన్నదాని మీద మీ హాస్టల్లో గొడవ పడుతున్నారని రాశావు. దాని మీద ఎక్కువసేపు కూర్చోకు. లినక్స్ మింట్ వేసుకో, సినమన్ డెస్క్‌టాప్‌తో. 1993లో మొదలైన డెబియన్ మీద ఆధారపడి 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద ఆధారపడి 2006లో మింట్ వచ్చింది. అందుకే ఉబుంటు వాళ్ళకి చెప్పిన పరిష్కారం చాలావరకు నీకూ పనికొస్తుంది. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద మెనూ, గడియారం అన్నీ నీ కళ్ళకి అలవాటైన చోటే ఉంటాయి. ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వేసుకోమంటున్న మీ రూమ్మేట్‌ది మంచి సలహాయే, నేర్చుకోవడానికి అది గొప్ప చోటు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో మాత్రం వద్దు.

ఇక వేసే రోజు. మింట్ మొత్తం ఇమిడి ఉండే ఐఎస్‌ఓ ఫైలు మింట్ వాళ్ళ సైట్ నుంచే దించుకో, ఫైలు చెడకుండా దిగిందని చెప్పే చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూడు. పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించి, ముందు లైవ్‌గా, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిపించు. డిస్క్ మీద ఏమీ మారదు. వైఫై కలుస్తోందా, పాట వినిపిస్తోందా, వెలుగు తగ్గుతోందా పెరుగుతోందా, మూత వేసి తీస్తే మళ్ళీ లేస్తోందా, కెమెరా పనిచేస్తోందా, ఇవన్నీ అప్పుడే చూసుకోవాలి. కొన్ని వైఫై చిప్‌లకి డ్రైవర్ విడిగా వేయాల్సి వస్తుంది, అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది.

విండోస్ పక్కన వేసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. పిల్లలు డిస్క్ పాడైందని హడలిపోతారు. రెండోది విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్. అది ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే, మెషీన్ మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లో చెయ్యి పెట్టు. మూడోది గడియారం. లినక్స్‌లో పొద్దున పది గంటలకి అన్నీ బాగానే ఉంటాయి, విండోస్‌లోకి వెళ్ళేసరికి నాలుగున్నర చూపిస్తుంది. లినక్స్ మెషీన్ లోపలి గడియారంలో గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది, అందుకే సరిగ్గా ఐదున్నర గంటల తేడా. గడియారాన్ని లోకల్ టైమ్‌గా చదవమని లినక్స్‌కి ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. పరీక్ష రోజున ఈ తేడా బయటపడితే కంగారు పడతావు, అందుకే ముందే సరిచేసుకో.

సిస్టమ్ ఎక్కగానే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ తెరిచి స్నాప్‌షాట్లు, అంటే సిస్టమ్ నకళ్ళు పెట్టు. ఏ అప్‌డేట్ తేడా చేసినా నిన్నటి సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. అది సిస్టమ్ ఫైళ్ళకే, నీ ఫోటోలు, సర్టిఫికెట్లు విడిగా బయటి డిస్క్ మీద ఉండాలి.

తెలుగు టైపింగ్ గురించి ఒక్క లైనులో అడిగావు. నాకు మాత్రం ఇది అన్నిటికంటే పెద్ద విషయం. మింట్‌లో వేరే భాషలు కొట్టనిచ్చే ఐబస్ వేసుకుని, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే తెలుగుకి చాలా పద్ధతులు వస్తాయి. ఫోన్లో కొట్టినట్టు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రావాలంటే ఆర్‌టీఎస్ ఉంది. పాత డీటీపీ వాళ్ళ చేతికి అలవాటైన ఆపిల్ కీబోర్డు కూడా ఉంది. కానీ నా మాట విని ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి నేర్చుకో. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. కె నొక్కితే క, హెచ్ నొక్కితే ప, డి నొక్కితే పొల్లు. అంతా ఉచ్చారణ క్రమంలోనే వెళ్తుంది కనుక క, పొల్లు, ష అని కొడితే ‘క్ష’ దానంతట అదే కూర్చుకుంటుంది. రోజూ కాసేపు కొడితే కొన్ని వారాల్లో చెయ్యి తిరుగుతుంది. తర్వాత కన్నడమో హిందీయో కొట్టాల్సి వచ్చినా చోట్లు అవే.

ఇంకో చిన్న కిటుకు చాలామందికి తెలీదు. ‘హైదరాబాద్‌లో’ అని కొడితే ‘ల’ వెళ్ళి ‘ద’ కింద ఒత్తుగా కూర్చుంటుంది. మధ్యలో కనపడని అడ్డు ఒకటి పెట్టాలి. చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కి, 200, ఇంగ్లిష్ సి అక్షరం (200c) కొట్టి ఎంటర్ నొక్కితే ఆ అడ్డు పడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫైర్‌ఫాక్స్’ లాంటి మాటలన్నిటికీ ఇది కావాలి. నువ్వు తెలుగులో ఏదైనా రాసి పంపితే నేను మొదట చూసేది ఇదే.

ఫాంట్లకి కొదవ లేదు. పోతన, వేమన, లోహిత్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న, అన్నీ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతోనే ఉన్నాయి. లిబ్రే ఆఫీస్‌లో తెలుగు సైజు పెంచినా పెరగట్లేదని విసుక్కోకు. అక్కడ ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, మన లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా ఉంటాయి. భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నది టిక్ పెడితే రెండోది కనిపిస్తుంది. పుస్తకం పేజీలు కట్టాలంటే, పేజ్‌మేకర్ లాంటి స్వేచ్ఛా ప్రోగ్రామ్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తాయి. పాత వెర్షన్లలో రావు.

ప్రింటర్: హెచ్‌పీ వాటికి చాలావరకు మింట్‌లోనే డ్రైవర్ ఉంటుంది, ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ తీసే కొత్త ప్రింటర్లు కూడా బాగానే పట్టుకుంటుంది. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు మాత్రం సతాయిస్తాయి. కొనే ముందు మోడల్ చూసుకోవాలి, అంతకంటే చెప్పేదేం లేదు.

వైరస్‌ల గురించి మీ నాన్న అడిగారన్నావు. లినక్స్ డెస్క్‌టాప్‌ల మీద వాటి బెడద తక్కువే. అసలు ప్రమాదం నెట్‌లో కనిపించిన ఆదేశాన్ని చదవకుండా, సిస్టమ్ మీద పూర్తి అధికారమిచ్చే సుడో పెట్టి, ఆదేశాలు కొట్టే టెర్మినల్‌లో అతికించడంలో ఉంది. అర్థం కానిది కొట్టకు. అప్‌డేట్ బొమ్మ వెలిగితే వాయిదా వెయ్యకు.

మీ నాన్న షాపు కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళకు. ఆయన లెక్కలన్నీ టాలీలో ఉన్నాయి, జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్‌గారు కూడా అదే అడుగుతారు. నీకు నచ్చింది కదా అని ఆయన రోజువారీ బేరం మధ్యలో సిస్టమ్ మారిస్తే, ఒక్క బిల్లు ఆగినా ఆయనకి లినక్స్ అంటేనే విరక్తి పుడుతుంది. షాపులో ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ వేసిపెట్టు, ధరల పట్టిక లిబ్రే ఆఫీస్‌లోని కాల్క్‌లో చేసివ్వు. మీ అమ్మ పాత డెస్క్‌టాప్ వేరే సంగతి. ఆవిడకి కావాల్సింది యూట్యూబ్, వాట్సాప్ వెబ్, అమెరికా నుంచి పిల్లలు పంపే ఫోటోలు. దానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న మింట్ వేసి, మెనూలు తెలుగులో పెట్టివ్వు. దానికి ఏ ఇబ్బంది వచ్చినా చూసే బాధ్యత కూడా నీదే, ఆ ఓపిక ఉంటేనే వెయ్యి.

ఎక్కడైనా ఆగితే అడగడానికి మొహమాటపడకు. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ వాళ్ళున్నారు, డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసినవాళ్ళు, కాలేజీ పిల్లల్ని బాగా కలుపుకుంటారు. ఎవరిని అడిగినా ‘పనిచెయ్యట్లేదు’ అని ఊరుకోకు. ఏ వెర్షన్, ఏం చేశావు, తెర మీద ఏం రాసి వచ్చింది, అక్షరం పొల్లు పోకుండా రాయి.

మెనూల్లో తెలుగు చూస్తావు కదా, కొన్నిచోట్ల ఎవరూ మాట్లాడని మాటలు కనిపిస్తాయి, కొన్నిచోట్ల ఇంగ్లిషే మిగిలిపోయి ఉంటుంది. అది విండోస్‌లో అయితే చూసి వదిలెయ్యడమే. ఇక్కడ నువ్వే దిద్దొచ్చు. లిబ్రే ఆఫీస్ అనువాదం వెబ్‌లేట్ అనే సైట్‌లో జరుగుతుంది, ఖాతా తెరిచి నీ సూచన పెట్టొచ్చు. మీ తరం పిల్లలు ఈ పనికి చాలా అవసరం రా. నువ్వు అనుమానంగా ఉన్న మాటలు రాసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆదివారం వచ్చేటప్పుడు ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు తీసిన పాత హార్డ్‌డిస్క్ తీసుకురా, కేసింగ్ నా దగ్గరుంది. బ్యాకప్ ఇక్కడే చేద్దాం. మీ నాన్న ప్రింటర్ మోడల్ నంబరు కూడా రాసుకుని రా.

ప్రేమతో,
పెద్దమ్మ