తెలుగు మీడియంలో చదివాను, హోటల్ ఉద్యోగానికి ఇంగ్లీష్ ఎలా నేర్చుకోవాలి?

డిగ్రీ దాకా తెలుగు మీడియం, వచ్చే నెలలో హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ రెస్టారెంట్‌లో వడ్డించే స్టీవార్డ్‌గా చేరుతున్నాను, గెస్టులతో మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంది, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటారా అని అడిగారు.

నాదీ అదే దారి. తణుకు దగ్గర పల్లెటూరు మాది. ఆరేళ్ళు హైదరాబాద్‌లో పనిచేసి, ఇప్పుడు దోహాలో ఒక హోటల్‌లో స్టీవార్డుల మీద ఉండే కెప్టెన్‌గా ఉన్నాను. చేరే ముందు నేనూ అమీర్‌పేటలో ఫీజు కట్టి రెండు నెలలు కోర్సుకి వెళ్ళాను. పన్నెండు టెన్సులూ నోట్సు రాయించారు. ‘స్టిల్ ఆర్ స్పార్‌క్లింగ్ వాటర్?’ (మామూలు నీళ్ళా, గ్యాస్ నీళ్ళా) అని గెస్టుని అడగాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. డ్యూటీలో రెండో రోజే నాకు కావాల్సి వచ్చింది ఆ ముక్క.

అందుకని కోర్సు సంగతి పక్కన పెట్టండి. రెస్టారెంట్‌లో వాడే ఇంగ్లీష్ చాలా చిన్నది. పలకరించడం, కూర్చోబెట్టడం, నీళ్ళు, ఆర్డర్, భోజనం ఎలా ఉందని అడగడం, ప్లేట్లు తీయడం, బిల్లు. ఇంతే. అవే మాటలు రోజుకి యాభైసార్లు తిరిగి వస్తాయి, నెల తిరిగేసరికి నోటికి వచ్చేస్తాయి.

మనవాళ్ళు పొరపాటు పడేది మర్యాద దగ్గర. తెలుగులో మర్యాదంతా ‘అండి’ మోస్తుంది. ‘ఏం కావాలండి?’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అదే ఇంగ్లీష్‌లోకి దించి ‘వాట్ డు యు వాంట్, సర్?’ అంటే మొరటుగా ఉంటుంది, ఎన్ని సర్‌లు తగిలించినా సరే. ‘చెప్పండి’ అన్నట్టుగా ‘టెల్ మీ సర్’ అంటాం, అదీ అంతే. ఇంగ్లీష్‌లో ఆ పని ‘మే ఐ’, ‘కుడ్ యు’, ‘వుడ్ యు లైక్’ చేస్తాయి. ‘వెయిట్’ అనకుండా ‘వన్ మొమెంట్ ప్లీజ్’, ‘నాట్ అవైలబుల్’ అని ఊరుకోకుండా ‘ఐయామ్ సారీ, వి ఆర్ అవుట్ ఆఫ్ ఇట్ టుడే’ అని, ఆ వెంటనే ఉన్నదేదో చెప్పాలి. ఇలాంటివి పాతిక వాక్యాలు చాలు.

అసలు కష్టం మాట్లాడటంలో లేదు, వినడంలో ఉంది. కొత్తలో ఒక జంట వచ్చి, ‘డు యు మైండ్ ఇఫ్ వి టేక్ ద విండో టేబుల్?’ అని అడిగారు. నేను నవ్వు మొహంతో ‘యెస్ సర్, యెస్ సర్’ అన్నాను. పైగా మన అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పాపం, గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నారు. ‘మీకేమైనా అభ్యంతరమా?’ అని వాళ్ళడిగితే నేను అవునన్నానని తర్వాత మా కెప్టెన్ చెబితే తెలిసింది. కాఫీ పోయబోతే ‘ఐయామ్ గుడ్’ అంటారు, వద్దని అర్థం. నేను పోసేశాను. బ్రేక్‌ఫాస్ట్‌లో ‘గుడ్లు ఎలా కావాలి?’ అని అడగడం నేర్చుకుని వెళ్ళాను గానీ, ‘ఓవర్ ఈజీ’ అని జవాబు వస్తే ఏం చేయాలో తెలియలేదు. గుడ్డు తిప్పి, లోపల సొన జారుగా ఉండగానే తీసేయడం అది. సొన పైకి కనబడేలా తిప్పకుండా ఇస్తే ‘సన్నీ సైడ్ అప్’.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. ఒకటి మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఒకావిడ కుర్మా చూపించి ‘డజ్ దిస్ హ్యావ్ నట్స్?’ అంది. నా బుర్రలో నట్స్ అంటే వేరుశెనగపప్పు. కుర్మాలో పల్లీలెక్కడివి? ‘నో మ్యామ్’ అనేశాను. వెనకాలే నిలబడ్డ కెప్టెన్ ముందుకొచ్చి, ‘లెట్ మి చెక్ విత్ ద షెఫ్’ అని నన్ను పక్కకు లాక్కెళ్ళాడు. ఆ గ్రేవీ చిక్కబడేదే జీడిపప్పు పేస్టుతో. ఆవిడకి జీడిపప్పు అలర్జీ. ఆ రోజు ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో. అలర్జీ మాట వినబడితే ఊహించి జవాబు చెప్పకండి. కెప్టెన్ అన్న ఆ ఒక్క వాక్యం ముందు బట్టీ పట్టండి, మిగతావి తర్వాత.

ఆర్డర్ తీసుకున్నాక మళ్ళీ చదివి వినిపించడం కూడా అలాంటిదే. ‘మే ఐ రిపీట్ యువర్ ఆర్డర్?’ అంటే మీకు ఇంగ్లీష్ రాదని ఎవరూ అనుకోరు, జాగ్రత్తపరుడని అనుకుంటారు. మీకు వినబడని ముక్క అక్కడే దొరికిపోతుంది, వంటింటికి వెళ్ళే ఆర్డర్ చీటీ (కేఓటీ) తప్పు పోదు. రూమ్ సర్వీస్ ఫోన్ దగ్గర ఇది మరీ ముఖ్యం, ఎదుటి మనిషి మొహం కనబడదు కదా. ఫిఫ్‌టీన్‌లో చివర సాగుతుంది, ఫిఫ్టీలో మొదట నొక్కు పడుతుంది. అనుమానం వస్తే ‘వన్ ఫైవ్?’ అని అంకెలు విడదీసి అడగండి. రూమ్ నంబర్లు ఎటూ ‘ఫోర్ వన్ సిక్స్’ అనే చెబుతాం. పేర్లయితే ‘బి ఫర్ బ్రావో, డి ఫర్ డెల్టా’ అంటూ అక్షరాలు సరిచూసుకోవాలి.

యాస గురించి బెంగ పెట్టుకోకండి. మాట చివర మన ‘ఉ’ మాత్రం తగ్గించుకోండి. మిల్కు, బ్రెడ్డు అనకండి. ఫోర్క్‌ని ‘ఫ’ సరిగా పలక్కపోతే పోర్క్ (పంది మాంసం) అవుతుంది, భోజనాల దగ్గర అది చిన్న తేడా కాదు.

ఈ నెల రోజుల్లో ఏం చేయొచ్చంటే, ఆ హోటల్ మెనూ సంపాదించండి, చాలా హోటళ్ళ మెనూలు నెట్‌లో ఉంటాయి. ఒక్కో వంటకం గురించి రెండు వాక్యాలు రాసుకోండి: దేనితో చేశారు, రుచి ఎలా ఉంటుంది. అవి చదవడం కాదు, పైకి అనాలి. నేనూ నా రూమ్‌మేటూ రాత్రి డ్యూటీ దిగాక ఒకరు గెస్టు, ఒకరు స్టీవార్డు అయ్యేవాళ్ళం. వాడు కావాలని విసిగించేవాడు, ‘టూ స్పైసీ!’ అని అరిచేవాడు. పక్క గదివాళ్ళు తలుపు కొట్టేవారు. కూరగాయల పేర్లు రెండేసి నేర్చుకోండి. మన బ్రింజాల్ బ్రిటిష్‌వాళ్ళకి ఆబర్జీన్, అమెరికావాళ్ళకి ఎగ్‌ప్లాంట్. బెండకాయ ఓక్రా, పెరుగు యోగర్ట్. పార్సిల్ అంటే వాళ్ళకి పోస్టులో వచ్చేది, టేక్‌అవే అనాలి. వినడానికి బీబీసీవాళ్ళ ‘6 మినిట్ ఇంగ్లీష్’ ఉచితం, నేను బస్సులో వినేవాణ్ణి.

డబ్బు పెట్టాలనే ఉంటే స్పోకెన్ ఇంగ్లీష్ కంటే ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ నేర్పే చోట పెట్టండి. విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎమ్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్)లో చిన్న కోర్సులు ఏమైనా నడుస్తున్నాయేమో ఒకసారి వెళ్ళి కనుక్కోండి.

గల్ఫ్‌కి వెళ్ళాలన్న ఆలోచన కూడా ఉందన్నారు కదా. నా ఇంటర్వ్యూలో ‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’ బట్టీ పట్టుకుని వెళ్ళాను, వాళ్ళు అడగనే లేదు. ఒక మెనూ చేతికిచ్చి, ఇందులో లేని మీ ఊరి వంటకం ఒకటి మాకు అమ్మండి అన్నారు. చేపల పులుసు అమ్మాను. చింతపండు, పులుపు, కారం, మర్నాటికి ఇంకా రుచి, వేడి అన్నంతో అని నాకొచ్చిన ఇంగ్లీష్‌లో చెప్పి, చివర ‘వుడ్ యు లైక్ టు ట్రై ఇట్, సర్?’ అన్నాను. ముళ్ళుంటాయా అని అడిగాడాయన. ఉంటాయి, కావాలంటే తీసి వడ్డిస్తానన్నాను.