కార్టిసాల్, ఏసీటీహెచ్ టెస్టులు పరకాలలో ఇవ్వొచ్చా? మా అమ్మకు జరిగింది చెప్తా

అన్నా, మీ అక్కకు కాన్పప్పుడు రక్తం బాగా పోయిందన్నారు, తర్వాత పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు, రెండేళ్లుగా నీరసం. డాక్టర్ పొద్దున 8 గంటలకే కార్టిసాల్ (కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్), ఏసీటీహెచ్ (ఆ గ్రంథులను పనిచేయించే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోన్) రాశారు, వాటితో పాల హార్మోన్ ప్రొలాక్టిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 కూడా. పరకాలలో ఇంటి పక్క కలెక్షన్ సెంటర్‌లో ఇస్తే నడుస్తుందా అని అడిగారు. కార్టిసాల్ వరకు నడుస్తుంది. ఏసీటీహెచ్ మాత్రం ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకండి, మేము ఇచ్చి మునిగినం.

మాది నర్సంపేట వైపు. మా అమ్మ ఏడాదిపాటు సన్నబడుతూ, నల్లబడుతూ వచ్చింది. లేస్తే కళ్లు తిరిగేవి, గంజిలో పిడికెడు ఉప్పేసుకుని తాగేది. అడిగితే "ఎండల మిరపకాయ ఏరితె నల్లగ గాక తెల్లగైతరా కొడుకా" అనేది, మేమూ నమ్మినం. ఊర్లో ఆర్ఎంపీ సెలైన్ పెట్టి ఒక సూది వేస్తే రెండు రోజులు లేచి తిరిగేది, మళ్లీ పడుకునేది. ఆ సూది డెక్సా అని తర్వాత తెలిసింది, అంటే స్టెరాయిడే.

ఆ సూది వేసిన రెండో రోజే టెస్టులకు రక్తం ఇచ్చినం. సెంటర్‌లో తీసిన ట్యూబులు సాయంత్రం బండి వచ్చేదాకా టేబుల్ మీద స్టాండులోనే ఉన్నయి, నేను కళ్లారా చూసిన, కానీ అప్పుడు నాకేం తెలుసు. కార్టిసాల్ 2.1 వచ్చింది. పొద్దున పూట అది డెసిలీటర్‌కు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే అడ్రినల్ హార్మోన్ లేనట్టే లెక్క. ఏసీటీహెచ్ 31, రిపోర్టులో నార్మల్ అని ఉంది. కార్టిసాల్ అంత పడిపోయినప్పుడు, కింద గ్రంథులను అదిలించే ఏసీటీహెచ్ చాలా పెరగాలి. పెరగలేదంటే లోపం పైన, పిట్యూటరీలో ఉందనుకుంటారు. అట్లా మెదడుకు ఎంఆర్ఐ తీయించినం. అందులో ఏమీ లేదు, పైసలు మాత్రం పోయినయి.

ఇంకో డాక్టర్ రిపోర్టుల కట్ట పక్కన పెట్టి అమ్మ అరచేతులు తిప్పి చూశారు. గీతల్లో మసి నింపినట్టు నల్లగా ఉంది, చిగుళ్ల మీద కూడా మచ్చలు. "ఎండ అరచేతి గీతల్లోకి పోతుందా అమ్మా?" అన్నారు. ఏసీటీహెచ్ బాగా పెరిగితేనే ఒళ్లు ఇట్లా నల్లబడుతుందట, పిట్యూటరీ లోపమైతే అది పెరగదు కాబట్టి నల్లబడదట. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉండటం కూడా అడ్రినల్ వైపే చూపిస్తుందన్నారు.

డెక్సా ప్రభావం పోయేదాకా ఆగి, ఆయన కనిపెట్టుకుని ఉండగానే, మళ్లీ ఇచ్చినం. ఈసారి హన్మకొండలో. ల్యాబ్ పిల్లగాడు ఊదా మూత ఉన్న ప్లాస్టిక్ ట్యూబును ముందే ఐస్‌లో పెట్టి ఉంచాడు, రక్తం తీసి మళ్లీ ఐస్‌లో గుచ్చి, అక్కడే రక్తాన్ని చల్లగా తిప్పే మెషిన్‌లో (సెంట్రిఫ్యూజ్) వేశాడు. ఏసీటీహెచ్ రక్తంలోని ఎంజైములకే కరిగిపోయే సరుకు, ఆలస్యమైతే తక్కువ చూపిస్తుంది. ఈసారి 400 దాటింది! మొదటిసారి సూది ఎంత చెడగొట్టిందో, టేబుల్ మీది వేడి ఎంత చెడగొట్టిందో దేవుడికే ఎరుక.

తర్వాత సినాక్తెన్ టెస్టు చేశారు. ఏసీటీహెచ్ లాంటి ఆ మందు 250 మైక్రోగ్రాముల సూది ఇచ్చి 30, 60 నిమిషాలకు కార్టిసాల్ చూస్తారు, అమ్మకు కదల్లేదు. ఆ మందు దొరకకపోతే ఆక్టన్ ప్రొలాంగేటం అనే అట్లాంటి ఇంకో సూదితో చేసే డాక్టర్లూ ఉన్నారు. స్కాన్‌లో రెండు అడ్రినల్స్ ఉబ్బి ఉన్నయి, చివరికి టీబీ అని తేలింది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను తొందరగా ఖర్చు చేస్తుంది కాబట్టి, దాని బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ డోసు పెంచారు.

ఇక మీ అక్క సంగతి. కాన్పులో రక్తం బాగా పోతే పిట్యూటరీ దెబ్బతినొచ్చు, ఈ టెస్టులు అందుకే. కార్టిసాల్ తెల్లవారేసరికి పైకి పోయి రాత్రికి పడిపోతుంది, పొద్దున 8 అన్నది అందుకే. మధ్యాహ్నం ఇస్తే తక్కువే వస్తుంది, దాన్ని చూసి భయపడతారు. జుట్టు ఊడుతోందని బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ముందే చెప్పండి, చాలా మెషిన్లలో అంకెలు తారుమారవుతాయి. గర్భనిరోధక బిళ్లలు కార్టిసాల్‌ను ఎక్కువ చూపిస్తాయి. వైసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల వాడుతుంటే అదీ చెప్పండి, కానీ టెస్టు కోసం స్టెరాయిడ్ బిళ్ల సొంతంగా ఆపకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి, పిట్యూటరీ దెబ్బతింటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉండి ఫ్రీ టీ4 తక్కువ రావచ్చు. అప్పుడు ఎవరైనా థైరాయిడ్ బిళ్ల రాసిస్తే, కార్టిసాల్ తేలకముందే మొదలుపెట్టొచ్చా అని గట్టిగా అడగండి. కార్టిసాల్ లేని ఒంట్లో థైరాక్సిన్ ముందు పడితే మనిషి కూలిపోవచ్చు. స్టెరాయిడ్ ముందు, థైరాయిడ్ తర్వాత.

సెంటర్‌కు ఫోన్ చేసి "ఏసీటీహెచ్ ఐస్‌లో తీసి మీ దగ్గరే తిప్పుతారా, బండిలో పంపుతారా?" అని అడగండి. నీళ్లు నమిలితే పొద్దుగాల్నే హన్మకొండ బస్సెక్కండి.